బాల్కనీ రెయిలింగ్: ఎంచుకోవడం, బిగించడం, కాపాడుకోవడం

రెయిలింగ్ కొనబోయేవాళ్లు ముందు డిజైను చూస్తారు, తర్వాత మెరుపు చూస్తారు, ఆఖర్న అడుగుకి ఎంతో అడుగుతారు. నాలుగైదేళ్లకి అది ఊగడం మొదలయ్యేది మాత్రం స్తంభం నేలని తాకే అరచేయంత చోట. వాన నీళ్లు నిలిచేదీ, తుప్పు పుట్టేదీ, మనిషి ఆనుకున్నప్పుడు బరువంతా వచ్చి పడేదీ అక్కడే. అందుకని ఇక్కడ డిజైన్ల గురించి తక్కువ, పాదం గురించి ఎక్కువ చెబుతాం.

ముందు టేపు తీయండి

డాబా అంచులకీ బాల్కనీలకీ కనీసం ఒక మీటరు ఎత్తు అడ్డు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. అది కనీసం మాత్రమే. మూడున్నర అడుగులు పెట్టించుకోండి, అంటే సుమారు 1,065 మిల్లీమీటర్లు.

కొలత ఎప్పుడూ పూర్తయిన నేల మీద నుంచే తీయాలి. వట్టి స్లాబు మీద కొలిచి పైపులు కోయించేశాక, మోర్టారూ టైల్సూ కలిసి రెండంగుళాలు లేస్తాయి. మూడున్నర అడుగులనుకున్నది మూడడుగుల నాలుగంగుళాలకి దిగిపోతుంది. డాబా మీదైతే ఇంకో చిక్కు ఉంది. కొన్నేళ్లకి లీకేజీ అనో ఎండ వేడి అనో పైన మరో పొర, కూల్ టైల్సు వేయిస్తారు. అప్పుడు పిట్టగోడ ఇంకాస్త కుదించుకుపోతుంది. ఆ పని చేయించేటప్పుడు పిట్టగోడ ఎత్తు మళ్లీ కొలవాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

బాల్కనీ అంచున ఆరంగుళాల కట్ట కట్టి దాని మీద రెయిలింగ్ పెట్టిస్తే, ఎత్తు కట్ట పైనుంచి లెక్కేయండి. పిల్లలు నిలబడేది ఆ కట్ట మీదే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్టు, పూలకుండీల స్టాండు, వాషింగ్ మెషిన్, ప్లాస్టిక్ స్టూలు వంటివి రెయిలింగ్‌ని ఆనుకుని ఉంటే ఎత్తు లెక్క వాటి పైనుంచే మొదలవుతుంది. అవి కనీసం రెండున్నర అడుగులు ఇవతలికి జరగాలి.

ఊచల మధ్య సందు 100 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒళ్లు దూరిన పసిపిల్లల తల ఇరుక్కునేది ఆ పైన సందుల్లోనే. టేపుతో ప్రతి సందూ కొలవడం విసుగైతే, డ్రైనేజీకి వాడే 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి తీసుకోండి. దాని బయటి కొలత 110 మిల్లీమీటర్లు. అది ఏ సందులోంచైనా దూరిందంటే అక్కడ ఊచ తక్కువైనట్టే. 100కీ 110కీ మధ్య ఉన్న సందు మాత్రం దీనికి దొరకదు, బిగుతుగా ఆగిన చోట టేపు పెట్టండి.

ఊచలు నిలువుగానే ఉండాలి. అడ్డ పైపుల డిజైను చూడ్డానికి సన్నగా, ఖాళీగా, బాగుంటుంది, వెల్డరుకి పనీ తక్కువ. కాకపోతే మూడేళ్ల పిల్లకి అది నిచ్చెన. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోయినా సెలవులకి మనవలు వస్తారు కదా.

ఊచల సంఖ్య మీరే లెక్క కట్టి ఇవ్వండి. పదడుగుల బాల్కనీ అనుకుందాం, అంటే 3,048 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల స్తంభాలు నాలుగు, వాటి మధ్య మూడు అరలు. స్తంభాల మందం పోగా ఒక్కో అర 949 మిల్లీమీటర్లు. అందులో 12 మిల్లీమీటర్ల ఊచలు ఏడు పెడితే సందు 108 వస్తుంది, ఎనిమిది పెడితే 95. ఏడుతో సరిపెట్టేసేవాళ్లే ఎక్కువ. మూడు అరలకీ కలిపి తేడా మూడు ఊచలే. ఆ మూడూ రాయించుకోండి.

ఏ లోహం, ఏ ఊళ్లో

స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే ఒకటే అనుకుంటారు గానీ మార్కెట్లో రెయిలింగ్ పైపులు ముఖ్యంగా మూడు రకాలు: 202, 304, 316. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 202లో నికెలు సగానికి తగ్గించి ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. ధర తగ్గేది అందుకే, తుప్పుని తట్టుకునే శక్తి తగ్గేదీ అందుకే. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలిని తట్టుకునేది దాంతోనే.

కొట్టువాడు అయస్కాంతం తీసి పైపుకి ఆనించి, "చూడండి సార్, అంటుకోవట్లేదు, ఒరిజినల్ 304" అంటాడు. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. పైగా మంచి 304 పైపే వంచిన చోటా వెల్డింగు చోటా కాస్త లాగుతుంది. కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండూ తేలవు. రసాయన చుక్కల కిట్టు దొరుకుతుంది: పైపు మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తాకిస్తే మాంగనీసు ఎక్కువున్న 202 మీద చుక్క ఎర్రబారుతుంది. పెద్ద కొట్లలో ఆ కిట్టు ఉంటుంది, అడిగితే మీ ముందే చేసి చూపిస్తారు. పైపు మీద గ్రేడు ముద్ర ఉందేమో చూడండి, బిల్లులో గ్రేడు రాయించుకోండి. బిల్లులో రాయనన్నవాడి దగ్గర కొనకండి.

మరి ఏది తీసుకోవాలి? హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో బయటి బాల్కనీకి 304 చాలు. 202 ఇంటి లోపలి మెట్లకే పరిమితం చేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లకి 316 తీసుకోండి. ఉప్పుగాలిలో 304 వెంటనే పుచ్చిపోదు, కానీ టీ ఒలికినట్టు గోధుమ మరకలు పడతాయి. వారానికోసారి కడగగలిగితే అదీ నడుస్తుంది.

మామూలు ఇనుము, అంటే ఎంఎస్, చౌక. నచ్చిన ఆకారంలో వంచుకోవచ్చు, ఏ వెల్డరైనా బాగు చేయగలడు. పెయింటు ఖర్చు మాత్రం జీవితాంతం ఉంటుంది. బోలు పైపుల కన్నా గట్టి చదరపు ఊచలు నయం, ఎందుకంటే బోలు పైపు లోపల్నుంచి తుప్పుపడుతుంది, బయటికి కనిపించేసరికి గోడ కాగితంలా పలచబడి ఉంటుంది. పైపులే వాడితే పై కొనలకి మూతలు పూర్తిగా వెల్డింగు చేయించి, అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వదిలించండి. లోపల చేరిన చెమ్మ దిగిపోతుంది. పడమటి ఎండ తగిలే బాల్కనీకి నల్ల పెయింటు వేయించకండి, ఏప్రిల్, మే నెలల్లో చెయ్యి పెట్టలేరు.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, ఎంచుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. వెల్డింగు చేసిన చోట జింకు పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింకు ఎక్కువుండే పెయింటు రెండు కోట్లు వేయాలి. జింకు మీద నేరుగా ఎనామిల్ వేస్తే ఏడాదిలో పొట్టులా లేచిపోతుంది, ముందు ఎచ్ ప్రైమరు, అంటే జింకుకి పెయింటు అంటుకునేలా చేసే పూత, వేయాలి. ఆ వెల్డింగు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, పని గాలి ఆడే చోటే జరగాలి.

గాజుకి 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు) ఒక్కటే పెడతామంటారు. టఫెన్డ్ గాజు పగిలితే మొత్తం పలుకులై రాలిపోతుంది, ఆ క్షణం నుంచి బాల్కనీకి అడ్డే ఉండదు. అరుదుగానే అయినా, తయారీలో లోపల ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల ఎవరూ తాకకుండానే పగలడమూ ఉంది. అందుకని పై అంతస్తులకి రెండు టఫెన్డ్ పలకల్ని మధ్య పొరతో అతికించిన లామినేటెడ్ గాజే పెట్టించండి. పగిలినా పలుకులు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మీద చేతిపట్టీ కూడా ఉంటే పలక నిలబడే ఉంటుంది. రంధ్రాలు, మూలల కోతలు అన్నీ టఫెనింగుకి ముందే జరగాలి, తర్వాత డ్రిల్లు పెడితే పలక పొడైపోతుంది. గాజు ఎక్కడా నేరుగా లోహాన్ని తాకకూడదు, మధ్యలో రబ్బరు ఉండాలి. కింద యూ ఛానల్ వాడితే నీళ్లు పోయే రంధ్రాలున్నాయో లేదో చూడండి.

అల్యూమినియం తేలిక, పౌడర్ కోటింగుతో ఏళ్ల తరబడి ఉంటుంది. తడి సిమెంటు మాత్రం దానికి పడదు, పాదాన్ని నేరుగా మోర్టారులో పాతించకండి. టేకు చేతిపట్టీ లోపలి మెట్లకి అందం. బయట ఎండావానల్లో పెడితే ప్రతి ఏడూ నూనె పట్టించే ఓపిక ఉండాలి.

గేజీ మాట నమ్మకండి, తూచండి

"రన్నింగ్ ఫుట్ ఇంత" అని చెప్పే ధరలో పైపు మందం దాక్కుంటుంది. గేజీ అంకె పెరిగేకొద్దీ పైపు పలచన. 16 గేజీ అని మాట్లాడుకుని 18 తెస్తే చూపుకి తెలియదు, తక్కెడకి తెలుస్తుంది. గుండ్రటి స్టెయిన్‌లెస్ పైపుకి లెక్క ఇది: బయటి వ్యాసంలోంచి మందం తీసేయండి, వచ్చినదాన్ని మందంతో గుణించండి, మళ్లీ 0.0249తో గుణించండి. కొలతలు మిల్లీమీటర్లలో ఉంటే జవాబు మీటరుకి ఇన్ని కిలోలని వస్తుంది.

రెండంగుళాల పైపు, అంటే 50.8 మిల్లీమీటర్లు, 20 అడుగుల నిడివి తీసుకుంటే 1.5 మిల్లీమీటర్ల మందానికి సుమారు 11.2 కిలోలు తూగాలి. 1.2కి 9 కిలోలు. ఒక మిల్లీమీటరుకి ఏడున్నర. స్తంభాలకి 1.5 తగ్గకూడదు, పైపట్టీకి 1.2 సరిపోతుంది. పైపులు దిగిన రోజే, కోయకముందే, ఒకటి తూచండి. కోశాక తూచి ప్రయోజనం లేదు, వెనక్కి తీసుకోడు.

ఒప్పందం కాగితం మీద ఈ మాటలు ఉండాలి: గ్రేడు, స్తంభం మందం, ఊచల సంఖ్య, బేస్ ప్లేటు (స్తంభాన్ని నేలకి బిగించే అడుగు పలక) ఏ లోహం ఎంత మందం, బోల్టు సైజు, వెల్డింగు రకం. బేస్ ప్లేటు సంగతి ముఖ్యంగా. పైన మెరిసే 304 స్తంభం, కింద మామూలు ఇనుప ప్లేటు, దాని మీద మెరిసే కప్పు మూత: ఈ ఏర్పాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. రెండు వానాకాలాలు గడిచాక కప్పు కింద నుంచి ఎర్రటి చార టైలు మీదికి కారుతుంది. "స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పట్టింది" అని జనం అనుకునేది దీన్ని చూసే.

పాదం

చిన్న లెక్క చూడండి. డాబా అంచు అడ్డు మీటరు పొడవుకి దాదాపు 75 కిలోల పక్క తోపుకి నిలవాలని కట్టడాల మీద పడే బరువులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. స్తంభాల మధ్య 1.2 మీటర్లుంటే ఒక్కో స్తంభం మీద 90 కిలోలు. ఆ తోపు పడేది మీటరుకి పైన ఎత్తులో. కింద ఉన్నది నాలుగంగుళాల ప్లేటు. తోసినప్పుడు ప్లేటు బయటి అంచు మీద తిరగబోతుంది, లోపలి వైపు బోల్టులు దాన్ని లాగి పట్టాలి. ఆ అంచుకీ బోల్టుకీ మధ్య దూరం 90 మిల్లీమీటర్లు కూడా ఉండదు. గునపంతో బండ లేపినట్టే ఇది: పైన 90 కిలోలు, కింద దానికి పన్నెండు రెట్లు, అంటే వెయ్యి కిలోల పైన. లోపలి వైపు రెండు బోల్టులుంటే ఒక్కోదాని మీద 500 కిలోల పైచిలుకు లాగుడు.

అందుకని స్తంభాల దూరం మూడు నుంచి మూడున్నర అడుగులకి తగ్గించండి, నాలుగు దాటనివ్వకండి. ప్లేటు కనీసం 8 మిల్లీమీటర్ల మందం, నాలుగు రంధ్రాలు, ఎం10 (10 మిల్లీమీటర్ల లావు) బోల్టులు. ఇంటి లోపల వాడే మూడు స్క్రూల పలచని ఫ్లాంజి బాల్కనీకి పనికిరాదు.

బోల్టు కాంక్రీటులో 60 నుంచి 70 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టైలు 10 మిల్లీమీటర్లు, కింద మోర్టారు 40. 75 మిల్లీమీటర్ల యాంకర్ (కాంక్రీటులో దించే బోల్టు) బిగించి "గట్టిగా పట్టింది" అంటారు. అందులో 50 దాకా టైలూ మోర్టారూ మింగేస్తే అసలు కాంక్రీటులో దిగింది పాతిక. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. మోర్టారు వదులయ్యాక టైలుతో సహా లేచి వస్తుంది. సరైన పద్ధతి, టైల్సు వేయకముందే బేస్ ప్లేటు స్లాబు మీద బిగించి, ఆ చుట్టూ టైలు కోయించి పరవడం. టైల్సు అయిపోయి ఉంటే ఆ 50 మిల్లీమీటర్లు కలుపుకుని పొడవైన రాడ్డుతో కెమికల్ యాంకర్ వేయించండి, అంటే రంధ్రంలో ట్యూబు మందు నింపి రాడ్డుని అందులో అతికించే రకం. రంధ్రం తొలిచాక దుమ్ము ఊది, బ్రష్ పెట్టి తిప్పి, మళ్లీ ఊదాలి. దుమ్ము ఉంటే మందు గోడని పట్టదు, దుమ్మునే పట్టుకుంటుంది. ట్యూబు మీద రాసిన సమయం గడిచేదాకా నట్టు బిగించకూడదు.

స్లాబు అంచుకి మూడంగుళాల లోపు విచ్చుకునే రకం యాంకర్ వేయొద్దు, విచ్చుకునేటప్పుడే అంచు పెచ్చు ఊడుతుంది. అంచు దగ్గరే పెట్టక తప్పదంటే కెమికల్ రకమే వాడి, ఎంత దగ్గరగా వేయొచ్చో ఇంజనీరుని అడగండి.

గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చిన బాల్కనీ స్లాబులో ముఖ్యమైన చువ్వలు పై వైపునే ఉంటాయి. డ్రిల్లు చువ్వకి తగిలితే చప్పుడు మారుతుంది, బిట్టు కీచుమంటుంది, పొడి రావడం ఆగుతుంది. అక్కడే ఆపించి రంధ్రం పక్కకి జరిపించండి. బాల్కనీని మోస్తున్నది ఆ చువ్వే, దాన్ని కోసి ముందుకెళ్లనివ్వకండి. వదిలేసిన రంధ్రాన్ని కుంచించుకుపోని గ్రౌటుతో నింపాలి. అలా వదిలేస్తే నీళ్లు దిగి చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన చువ్వ కాంక్రీటుని పగలగొడుతుంది.

ఇల్లు ఇంకా కడుతూ ఉంటే ఈ తలనొప్పంతా తప్పించుకోవచ్చు. స్లాబు పోసే ముందే స్తంభం వచ్చే ప్రతి చోటా 100 × 100 × 8 మిల్లీమీటర్ల ఇనుప పలక, దాని అడుగున కొక్కేల్లా వంచిన 10 మిల్లీమీటర్ల చువ్వలు వెల్డింగు చేసి, స్లాబు కమ్మీలకి కట్టించేయండి. తర్వాత స్తంభాన్ని ఆ పలకకే వెల్డింగు చేస్తారు. ఇనుముకీ స్టెయిన్‌లెస్‌కీ కలిపే వెల్డింగుకి 309 రకం రాడ్డు వాడాలి. అతుకు చుట్టూ ఇనుప భాగమంతా ప్రైమరు, పెయింటు పడాలి.

ఇటుక పిట్టగోడ మీద అదనపు ఎత్తు కోసం పైపు బిగించేవాళ్లు బోల్టులు నేరుగా ఇటుకలో దించకండి. పైవరస ఇటుకలతో సహా ఊడి వస్తుంది. ముందు గోడ పైన మూడు నాలుగంగుళాల కాంక్రీటు పట్టీ, లోపల రెండు 8 మిల్లీమీటర్ల చువ్వలతో పోయించండి. కాంక్రీటు పట్టీ తేలికగా లేవకుండా కొన్ని చోట్ల చువ్వల్ని కింది గోడలోకి దించాలి. పట్టీ మందం తక్కువ కాబట్టి స్తంభాల పాదాల్నీ పోసేటప్పుడే అందులో పాతించేయాలి.

స్తంభాన్ని నేల మీద కాకుండా స్లాబు పక్క అంచుకి బిగించే పద్ధతీ ఉంది. పాదం దగ్గర నీళ్లు నిలవవు, బాల్కనీ నాలుగంగుళాలు పెరుగుతుంది. అంచున లోతైన బీము ఉంటేనే అది కుదురుతుంది. వట్టి నాలుగైదంగుళాల స్లాబు అంచుకి అలా బిగించనివ్వకండి.

బిగింపు రోజున

ఇరవై అడుగుల పైపులు మేడ మీదికి ఎక్కించేటప్పుడు ముందు చూడాల్సింది కరెంటు తీగలు. తీగలు దగ్గరగా ఉంటే పైపులు కిందే కోసి ముక్కలుగా ఎక్కించండి, లేదా లైన్‌మన్‌కి చెప్పి సరఫరా ఆపించాక ఎత్తండి. ఈ పనిలో ప్రాణాలు పోయే ప్రమాదం ఇక్కడ ఉంది.

స్టెయిన్‌లెస్‌కి ఆర్గాన్ గ్యాస్ వెల్డింగు మంచిది. 304కి 308 రకం, 316కి 316 రకం ఫిల్లర్. అతుకు చుట్టూ పూర్తిగా పడాలి. రెండు చుక్కలు అంటించి బఫింగుతో మెరిపించేస్తే పైకి తేడా తెలియదు. బఫింగుకి ముందే ప్రతి పాదమూ చూస్తానని మొదట్లోనే చెప్పండి. వెల్డింగు చుట్టూ ఏర్పడే నీలి, గోధుమ రంగు పూర్తిగా పోవాలి, అది మిగిలిన చోట తుప్పు తొందరగా వస్తుంది.

పక్కనే గేటుకో గ్రిల్లుకో ఇనుము కోస్తుంటే ఆ నిప్పురవ్వలు స్టెయిన్‌లెస్ మీద పడనివ్వకండి. ఇనుప రేణువులు అంటుకుని వారంలో చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తుంది. ఇనుముకి వాడిన గ్రైండర్ చక్రం, వైరు బ్రష్ దీనికి వాడకూడదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు టైల్సు కడిగే యాసిడ్. గృహప్రవేశం దగ్గరపడ్డాక సిమెంటు మరకలు పోవాలని నేలంతా యాసిడ్ పోసి రుద్దుతారు. ఆ తుంపర్లూ ఆవిరీ చాలు కొత్త రెయిలింగ్ పాడవడానికి. యాసిడ్ కడుగుడు ముందు, రెయిలింగ్ తర్వాత అన్న వరస పెట్టుకోండి. కుదరకపోతే యాసిడ్ మాట మానేయండి.

బిగించాక ప్లేటు చుట్టూ సీలెంటు పట్టించండి. కప్పు మూతకి పై అతుకు దగ్గర సీలెంటు వేసి, అడుగున బయటి వైపు కొంచెం సందు వదలండి. అంతా మూసేస్తే లోపల చేరిన నీళ్లకి దారుండదు.

ఏడాది పొడవునా

స్టెయిన్‌లెస్‌కి నెలకోసారి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, తర్వాత మంచినీళ్లు, పొడిగుడ్డ చాలు. గీతలున్న ఫినిషైతే గీతల వెంటే రుద్దండి, అడ్డంగా కాదు. బోరు నీళ్ల తెల్ల మచ్చలకి వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి, అయిదు నిమిషాల్లో కడిగేయండి. బ్లీచింగ్ నీళ్లు, బాత్రూం యాసిడ్, ఇనుప పీచు వద్దు.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఒక విచిత్రం చూస్తారు. వానకి తడిసే పైభాగం శుభ్రంగా ఉంటుంది, సజ్జా కింద వాన తగలని భాగమే మరకలు పడుతుంది. వాన ఉప్పుని కడిగేస్తుంది మరి. కాబట్టి గుడ్డ పెట్టాల్సింది పైపు అడుగు వైపు, సజ్జా నీడలో ఉన్న వైపు. అప్పటికే పడ్డ గోధుమ మరకలకి ఆక్సాలిక్ యాసిడ్ ఉండే స్టీల్ క్లీనర్, చేతికి గ్లవ్సు, తర్వాత ధారాళంగా నీళ్లు.

తడి దుప్పట్లు ఆరేసేందుకు తాడు రెయిలింగ్ స్తంభానికి కట్టకండి. నాలుగు తడి దుప్పట్ల బరువు రోజూ ఒకే పక్కకి లాగుతుంటే పాదం సడలుతుంది. కోతులు తిరిగే ఊళ్లలో ఈ సంగతి చెప్పనక్కర్లేదు, అవి రోజూ లోడ్ టెస్టు చేస్తూనే ఉంటాయి. వాటి భయంతో బాల్కనీ మొత్తం గ్రిల్లుతో మూయించేవాళ్లు, మనిషి పట్టేంత తలుపు ఒకటి లోపల్నుంచి తెరుచుకునేలా పెట్టించండి, దాని తాళంచెవి అందరికీ తెలిసిన చోట ఉండాలి. దీపావళి సీరియల్ లైట్ల వైరు లోహపు రెయిలింగ్ చుట్టూ చుట్టేటప్పుడు ఇన్సులేషన్ ఎక్కడా చిట్లి ఉండకూడదు.

పరీక్షకి రెండు రోజులు కేటాయించండి: వానలకి ముందు మేలో ఒకటి, సంక్రాంతికి వారం ముందు ఇంకొకటి. గాలిపటం ఎగరేసేవాడి కళ్లు ఆకాశం మీద ఉంటాయి, నడుము పిట్టగోడకి తగిలేదాకా అంచు తెలియదు. పరీక్ష ఇలా చేయాలి: లోపలి వైపు నిలబడి, ఒళ్లు ఆనించకుండా, రెండు చేతులతో పైపట్టీని తోసి లాగండి. ఇంకొకరు ప్రతి పాదం దగ్గరా కూర్చుని చూడాలి. పైన కాస్త స్ప్రింగులా కదలడం మామూలే. పాదం కదిలితే మామూలు కాదు.

ఇనుప రెయిలింగ్‌కి మళ్లీ పెయింటు

లోపలి ఊళ్లలో మూడు నాలుగేళ్లకి, తీరంలో ఏడాది రెండేళ్లకి ఈ పని పడుతుంది. మబ్బు లేని రోజుల్లో, ఉదయం లేదా సాయంత్రం చేయండి. మిట్టమధ్యాహ్నం కాలిన ఇనుము మీద పెయింటు పారకుండానే ఆరిపోయి బ్రష్ చారలు మిగులుతాయి.

1. స్క్రూడ్రైవరు వెనక్కొనతో ప్రతి స్తంభం అడుగు ఆరంగుళాలూ తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే మొనతో పొడిచి చూడండి. దిగబడితే అది పెయింటు పని కాదు, వెల్డరు పని. ఆ ముక్క కోసి కొత్తది వేయాలి.

2. ఊడే పెయింటు గీకి, తుప్పు వైరు బ్రష్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా తీయండి. గట్టిగా అంటుకున్న పాత పెయింటు తీయనక్కర్లేదు, 120 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేలా రుద్దితే చాలు.

3. టర్పెంటైను గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తుడిచాక చేతులు తగిలించకండి.

4. ఇనుము బయటపడ్డ చోట అదే రోజు ప్రైమరు పడాలి. రాత్రి మంచుకి వదిలేస్తే పొద్దుటికి పలచటి తుప్పు పొర వచ్చేస్తుంది, దాని మీద వేసిన ప్రైమరు నిలవదు. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు. సముద్రం దగ్గరైతే ఎపాక్సీ ప్రైమరు, పైన పీయూ (పాలీయూరిథేన్) పెయింటు.

5. ఎనామిల్ రెండు పలచని కోట్లు, మధ్యలో ఒక రాత్రి. ఒకే మందపాటి కోటు లోపల ఆరక ముడతలు పడుతుంది. పైపట్టీ అడుగు వైపు, ఊచలు కలిసే మూలలు, పాదం వెనక వైపు చిన్న బ్రష్‌తో ముందు వేయండి. మళ్లీ తుప్పు మొదలయ్యేది అక్కడ్నుంచే.

6. పాదం చుట్టూ పాత సీలెంటు పీకి కొత్తది పట్టించండి.

అమెరికాలో చెక్క డెక్ ఉన్నవాళ్లకి

అక్కడి ఇళ్ల కోడ్ ప్రకారం నేలకి 30 అంగుళాల కన్నా ఎత్తున్న డెక్‌కి రెయిలింగ్ తప్పనిసరి. ఎత్తు కనీసం 36 అంగుళాలు, కాలిఫోర్నియాలో 42. సందులోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదు, పైపట్టీ 200 పౌండ్ల తోపుకి నిలవాలి. మీ కౌంటీ నిబంధనలు ముందు కనుక్కోండి. ఇక్కడా పాదం కథే. స్తంభాన్ని అంచు పలకకి మేకులతో కొట్టి వదిలేస్తే ఆ పలకతో సహా ఊడుతుంది. అరంగుళం బోల్టులు ఆరపార వేసి, వెనక దూలానికి లాగి పట్టే లోహపు టై బిగించాలి. మందు పట్టించిన చెక్కలోని రాగి మామూలు మేకుల్ని తినేస్తుంది, కాబట్టి హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్‌వే వాడండి. ఏటా మంచు కరిగాక స్తంభం అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే ఆ స్తంభం మార్చాల్సిందే.

ఊగుతోందని తెలిశాక

ముందు ఆ వైపు ఎవరూ వెళ్లకుండా తాడు కట్టండి. తర్వాత కప్పు మూత పైకి జరిపి ఏది కదులుతోందో చూడండి. నట్టు వదులైతే బిగించి, లాక్ నట్టు వేస్తే సరిపోతుంది. నట్టు బిగిస్తుంటే బోల్టే తిరుగుతూ పైకి వస్తుంటే రంధ్రం పాడైంది. దాంట్లోనే సిమెంటు కుక్కి మళ్లీ బిగించడం దండగ. ప్లేటుని కొద్దిగా తిప్పి కొత్త చోట కెమికల్ యాంకర్ వేయించండి. స్తంభానికీ ప్లేటుకీ మధ్య వెల్డింగు చిట్లితే దాన్ని పూర్తిగా గ్రైండు చేసి చుట్టూ కొత్త అతుకు వేయాలి, పగులు మీదే ఇంకో చుక్క పెడితే మళ్లీ అక్కడే విరుగుతుంది. కదిలేది కాంక్రీటే అయితే, అంటే ప్లేటు చుట్టూ పగుళ్లు, స్లాబు అడుగున తుప్పు మరక కనిపిస్తే, వెల్డరుని పంపేసి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి.

పాత బోల్టులు తీసేసిన రంధ్రాలన్నీ ఆ రోజే గ్రౌటుతో నింపించండి. మర్నాడు మేస్త్రీ రాడు, వాన వస్తుంది.